కూమ్ అమ్మిన సన్న వైరు

మా అంతస్తులో వుకాషిన్ ఇంటి తలుపుకి మూడు తాళాలుంటాయి. లోపల అంతగా దాచుకోవలసింది ఏముందని ఎవరైనా అడిగితే, "ఏమీ లేదని నాకు తెలుసు. దొంగకి తెలియదు కదా" అంటాడు. ఆయనకీ నాకూ మధ్య ఒకే గోడ. నేను శీతాకాలం పచ్చడికని ఎర్ర మిరపకాయలు కాలిస్తే పొగ వాళ్ళింటికి పోతుంది, ఆయన తుమ్మితే మా ఇంట్లో గ్లాసులు కదులుతాయి. అందుకని ఆయన గురించి చెప్పే హక్కు ఈ లెస్కోవాట్స్ ఊళ్ళో నాకున్నంతగా ఇంకెవరికీ లేదు, ఆయన భార్య స్తోయంకకి తప్ప. ఆవిడ చెప్పదు. పాపం, ఆవిడకి ఓపిక ఎప్పుడో అయిపోయింది.

వుకాషిన్ చేసిన ఉద్యోగం బస్సుల్లో టికెట్ల తనిఖీ. ఊరి నుంచి చుట్టుపక్కల పల్లెలకు పోయే బస్సుని దారి మధ్యలో ఎక్కడో చెయ్యి చాచి ఆపి ఎక్కేవాడు. ముందు టికెట్లు చూసేవాడు కాదు, ముఖాలు చూసేవాడు. కిటికీలోంచి అదే పనిగా పొలాల వైపు చూస్తున్నవాడు, హఠాత్తుగా నిద్ర ముంచుకొచ్చినవాడు, పరిచయం లేకపోయినా నవ్వుతూ పలకరించినవాడు, వీళ్ళెవరి దగ్గరా టికెట్ ఉండదని ఆయన లెక్క. ఆ లెక్క చాలాసార్లు నిజమయ్యేది. ఆయన్ని పాడు చేసింది అదే. ఒకసారి సొంత అత్తగారికే జరిమానా రాశాడు. ఆవిడ కూతురి కోసం పెరుగు క్యాను పట్టుకొస్తోంది. "అల్లుడి బస్సే కదా అనుకున్నాను నాయనా" అందిట. "బస్సు నాది కాదు" అన్నాట్ట ఈయన. ఆ తరవాత ఆవిడ బతికున్నన్నాళ్ళూ కూతురింటికి నడిచే వచ్చింది.

పింఛను మొదలయ్యాక బస్సులు పోయాయి కాని తనిఖీ పోలేదు. తేనె కొంటే కాగితం మీద చుక్క వేసి చూస్తాడు. పాల ప్యాకెట్టుని వంటింటి తూకం మీద పెడతాడు. లిఫ్టు ఆగిపోతే ఎవరో కావాలని ఆపారంటాడు. చెప్పిన రోజున వాన పడకపోతే, టీవీలో వాతావరణం చదివే అమ్మాయికి ఇందులో ఏదో లాభం ఉందంటాడు.

ఇలాంటి మనిషి జీవితం మొత్తంలో ఒక్కణ్ణి మాత్రం టికెట్ అడగలేదు. అతను తిహోమిర్. వుకాషిన్ పెళ్ళిలో పక్కన నిలబడి సాక్ష్యం చెప్పినవాడు, వాళ్ళమ్మాయిని చర్చిలో నీళ్ళ తొట్టి దగ్గర ఎత్తుకుని పేరు పెట్టినవాడు. అలాంటివాణ్ణి మేం కూమ్ అంటాం. అన్నదమ్ముల మీద కోర్టుకెక్కినవాళ్ళు మా వైపు బోలెడుమంది ఉన్నారు. కూమ్‌తో చెడగొట్టుకున్నవాడు మాత్రం వీధిలో తల దించుకుని నడవాల్సిందే. బస్సులో తిహోమిర్ ఉంటే, అడక్కపోయినా టికెట్ తీసి పైకి పట్టుకుని చూపించేవాడు. వుకాషిన్ ముఖం పక్కకి తిప్పుకుని వెనక సీట్ల వైపు వెళ్ళిపోయేవాడు. నేను కళ్ళారా చూశాను. కూమ్ చేతిలోని టికెట్ వైపు చూడడం కూడా ఆయనకు తప్పుగా తోచేది.

వాళ్ళిద్దరూ కుర్రతనంలో పెళ్ళాలను తీసుకుని సరిహద్దు దాటి ట్రియెస్ట్ వెళ్ళారు, అప్పట్లో అందరూ వెళ్ళినట్టే, జీన్స్ ప్యాంట్ల కోసం. అక్కణ్ణుంచి వెనిస్ దాకా పోయి తిహోమిర్ రెండు ప్లాస్టిక్ పడవలు కొన్నాడు. లోపల చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. ఒకటి తనకి, ఒకటి కూమ్‌కి. ఆ పడవ వుకాషిన్ ఇంట్లో టీవీ నెత్తి మీదే ఉండేది. దాని కింద స్తోయంక క్రోషియాతో అల్లిన పెద్ద తెల్ల గుడ్డ, ఒక కొస టీవీ నుదుటి మీదికి వేలాడుతూ ఉండేది. మా ఊళ్ళో అవి రెండూ లేని టీవీ బోడి టీవీ.

ఆ శరదృతువులో పాత టీవీ కన్ను మూసింది. కొత్తది వచ్చింది. గోడకి ఆనించిన పల్చటి పలక, దానికి నెత్తి అనేదే లేదు. స్తోయంక పడవని చేత్తో పట్టుకుని దాని చుట్టూ తిరిగింది. "ఇదేం టీవీ? దీని మీద ఈగ కూడా వాలలేదు" అంది. చివరికి కింది అరలో కేబుల్ కంపెనీవాళ్ళు ఇచ్చిన నల్ల డబ్బా కనిపించింది. అల్లిక గుడ్డని నాలుగు మడతలు వేసి డబ్బాకి కప్పి, పైన పడవ పెట్టి దీపం వెలిగించింది. ఇల్లు మళ్ళీ ఇల్లులా కనిపించిందని నేను కూడా మెచ్చుకున్నాను.

డబ్బాతో వచ్చిన వైరు పొట్టిది, టీవీ దాకా అందలేదు. పొడుగు వైరు కోసం వుకాషిన్ కూమ్ దగ్గరికే వెళ్ళాడు. బజారు వెనక సందులో తిహోమిర్‌కి కరెంటు సామాన్ల కొట్టు ఉంది. అక్కడ జరిగిందంతా ఆ మధ్యాహ్నమే మెట్ల మీద నన్ను ఆపి చెప్పాడు.

తిహోమిర్ రెండు వైర్లు బల్ల మీద పెట్టాట్ట. ఒకటి ప్లాస్టిక్ సంచిలో చుట్టగా ఉన్న సన్న నల్ల వైరు. రెండోది బొటనవేలంత లావు, పైన నేసిన తొడుగు, కొసలకి బంగారు రంగు, నల్ల అట్టపెట్టెలో నగలా పడుకోబెట్టి ఉంది. ధర పదింతలు.

"సన్నది పట్టుకుపో, కూమే. రెండిట్లోంచీ వచ్చేది ఒకటే బొమ్మ."

"మరి ఆ లావుది ఎందుకు పెట్టావ్?"

"కావాలనేవాళ్ళున్నారు. లేదంటే అలిగి పోతారు."

"దానికి బంగారం పూత ఉందిగా?"

"ఉంది. అది చూసి ఆనందించాలంటే నువ్వు టీవీ వెనకాల కుర్చీ వేసుకోవాలి."

ఇద్దరూ నవ్వుకున్నారట. ఆయన సన్నది కొనుక్కుని వచ్చాడు. కాని మెట్ల మీద నాతో చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు.

"రూజా, ఏ వ్యాపారస్థుడైనా తక్కువ ధరది కొనమని చెప్పడం ఎప్పుడైనా విన్నావా?"

"నీ కూమ్ కాబట్టి చెప్పాడు."

"అదే నేనూ అనుకుంటున్నాను" అన్నాడు. కాని బస్సెక్కినప్పటి చూపు ఆ కళ్ళలోకి అప్పటికే వచ్చేసింది.

ఆ సాయంత్రం స్తోయంక తన టర్కీ సీరియల్ పెట్టుకుంది. గోడ ఇవతల నాకూ వినిపిస్తుంది, నేను ఇంట్లో టీవీ పెట్టుకోకుండానే సగం కథ అలాగే తెలుసుకుంటాను. కథానాయిక తండ్రి ముందు నిలబడి నిజం చెప్పబోతోంది. చెప్పలేదు. చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి స్తోయంక "అయ్యో, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది! ముఖమంతా గళ్ళు గళ్ళు!" అంది. తరవాత వుకాషిన్ గొంతు. ఆ తరవాత మా తలుపు మీద దబదబా బాదుడు.

"రూజా, నిజం చెప్పు. నీ జుట్టు ఆరబెట్టే మిషను ఇప్పుడు వాడావా?"

"నా జుట్టు చూడు. తడిగా ఉందా?"

"ఆరిపోయిందేమో."

"వుకాషినూ, నేను తలంటుకుని నాలుగు రోజులైంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నువ్వే చెప్పిస్తున్నావ్."

వంగి మా గోడ కింద ఏమైనా వైరు వాళ్ళింటి వైపు పోతోందేమో చూశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన పక్కింట్లో ఇన్నేళ్ళు బతికింది, దొంగ కరెంటుదాన్నని అనిపించుకోవడానికేనా? తలుపు ముఖం మీదే వేశాను. కాని ఆయన వెళ్ళిపోతూ మెట్ల గదిలో తనలో తను అనుకున్న మాట వినబడింది. "అయితే వైరే" అన్నాడు.

మర్నాడు ఆ సన్న వైరుని వంచి చూశాడు, వాసన చూశాడు, పాల ప్యాకెట్టు పెట్టే తూకం మీద కూడా పెట్టాడు. స్తోయంక నాకు చెప్పి తల కొట్టుకుంది. ప్రతి సాయంత్రం ఇదే తంతు. మొదట బాగానే ఉంటుంది, సీరియల్ సగానికి వచ్చేసరికి బొమ్మ బిగుసుకుపోతుంది. ఆయన వైరు పీకుతాడు, ఊదుతాడు, మళ్ళీ పెడతాడు. కాసేపు ఆడుతుంది, మళ్ళీ ఆగుతుంది.

చివరికి కూమ్‌కి చెప్పకుండా, పెద్ద వీధిలో కొత్తగా వెలిసిన అద్దాల షాపుకి వెళ్ళాడు. అక్కడ టై కట్టుకున్న కుర్రాడు "సార్, అంత ఖరీదైన టీవీకి ఇంత చవక వైరా?" అని జాలిపడ్డాట్ట. జాలి అనేది వుకాషిన్ భరించలేని వస్తువు. తిహోమిర్ కొట్లో వద్దనుకున్న లావు వైరునే అక్కడ ఇంకాస్త ఎక్కువ ధర పెట్టి కొన్నాడు.

లావు వైరు బిగించడానికి అరలోంచి అన్నీ బయటికి లాగారు. స్తోయంక అల్లిక గుడ్డని చూసి, "ఎంత దుమ్ము పట్టిందో, స్లావా దగ్గర పడుతోంది" అని అందుకుంది. స్లావా అంటే ఇంటిని కాచే పుణ్యాత్ముడి పండుగ, ఏడాదికి ఒక్కటే, ఇంటింటికీ ఒక రోజు. ఆవిడ గుడ్డని ఉతికి, చక్కెర నీళ్ళలో ముంచి, పరుపు మీద గుండుసూదులతో సాగదీసి ఆరబెట్టింది. అల్లిక గట్టిగా నిలబడాలంటే మేమంతా అలాగే చేస్తాం. అది ఆరడానికి రోజులు పట్టింది. ఆ రోజులన్నీ టీవీ ఒక్కసారి కూడా ఆగలేదు. వుకాషిన్ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఫుట్‌బాల్ చూపించాడు.

"చూడు. గడ్డి పరక కూడా లెక్కపెట్టొచ్చు."

"బాగుంది. ఇంక సంతోషమేగా?"

సంతోషం కాదు. ఆ బొమ్మ ఎంత బాగా కనిపిస్తే ఆయనకు అంత మంట. లావు వైరు పనిచేస్తోందంటే సన్న వైరు పనికిరానిదని. సన్న వైరు పనికిరానిదంటే కూమ్ తెలిసి అంటగట్టాడని. గడ్డి పరకలు చూస్తూ కూర్చున్న మనిషి పళ్ళు కొరుకుతున్నాడు.

మర్నాడు నేను తిహోమిర్ కొట్లో బల్బు కొంటున్నాను. అతని భార్య యాగోద నాతో బళ్ళో కలిసి చదువుకుంది, అందుకని నేను వేరే కొట్టుకి పోను. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారు. వుకాషిన్ లోపలికొచ్చాడు. పలకరింపు లేదు.

"కూమే, నాకు అమ్మింది పాత సరుకేనా?"

తిహోమిర్ వేళాకోళం అనుకుని నవ్వాడు. "మొన్ననే వచ్చింది. ఏం, పాచిపోయిందా?"

"లేక పింఛనువాడికి ఇది చాల్లే అనుకున్నావా?"

"కూమే, జనం ఉన్నారు."

"ఉండనీ. వాళ్ళూ వింటారు. లావు వైరు పెట్టాను, బొమ్మ అద్దంలా ఉంది. నువ్వేమో రెండూ ఒకటే అన్నావు. అంటే నీకు నీ సరుకు తెలియకపోవాలి, లేదా తెలిసి అబద్ధమాడి ఉండాలి. ఏది?"

తిహోమిర్ చేతిలో నా బల్బు ఉంది, వెలుగుతోందో లేదో చూపించడానికి హోల్డరులో బిగించి పట్టుకున్నాడు. అది అలాగే వెలుగుతూ ఉండిపోయింది.

"బస్సులో నేను టికెట్ చూపిస్తే అటు తిరిగి పోయేవాడివి" అన్నాడు మెల్లిగా. "ఇవాళ అడుగుతున్నావా?"

"అడుగుతున్నాను."

"చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. వెళ్ళు."

వుకాషిన్ వెళ్ళిపోయాడు. తిహోమిర్ బల్బు విప్పి కాగితంలో చుట్టాడు, చిల్లర ఇవ్వడం మర్చిపోయాడు, నేను అడగలేదు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. కొట్లో నిలబడి కూమ్‌ని దొంగ అన్నాట్ట అని, ఆ మాట అక్షరాలా ఆయన అనకపోయినా, అలాగే తిరిగింది.

అల్లిక గుడ్డ ఆరింది. చక్కెర పట్టి అట్టలా బిగుసుకున్న దాన్ని స్తోయంక మళ్ళీ నాలుగు మడతలు వేసి డబ్బాకి కప్పి, పడవ పెట్టింది. ఆ సాయంత్రం సీరియల్‌లో పెళ్ళి జరుగుతోంది. పెళ్ళి జరిపించేవాడు నోరు తెరిచాడు, చప్పుడు ఆగిపోయింది. గోడ ఇవతల నేను గోడకి చెవి ఆనించి విన్నాను. ఈసారి వుకాషిన్ మా తలుపు తట్టలేదు. లావు వైరు పెట్టి కూడా ఆగిపోయిందని ఎవరికి చెప్పుకుంటాడు? ముందు అద్దాల షాపువాడు నకిలీది అంటగట్టాడన్నాడు. తరవాత కేబుల్ కంపెనీ కావాలనే సీరియల్ సమయంలో తగ్గిస్తోందన్నాడు. కూమ్ మాట మాత్రం ఎత్తలేదు. స్లావా ముందురోజు లావు వైరు పీకి పెట్టెలో సర్దేశాడు, షాపువాడి ముఖాన కొట్టడానికి. దాని స్థానంలో సన్నదే మళ్ళీ తగిలించాడు.

స్లావాకి మేం ఎవరినీ పిలవం. పిలుపు అనేది ఉండదు. ఏటా వచ్చేవాళ్ళు ఏటా వస్తారు, తలుపు తెరిచే ఉంటుంది. వచ్చేవాడు రాలేదంటే ఇల్లంతటికీ అర్థమైపోతుంది. అందుకని ఆ రోజు పొద్దుటి నుంచీ స్తోయంక చెయ్యి క్యాబేజీ చుట్టల గిన్నె మీద, కళ్ళు తలుపు మీద. ఇంట్లో ఉన్న అల్లికలన్నీ బయటికి తీసింది. పడవ కిందున్న పెద్ద గుడ్డని మడతలు విప్పి, కొవ్వొత్తి, ఉడికించిన గోధుమలు, పండుగ రొట్టె పెట్టే బల్ల మీద పరిచింది. పడవని బీరువా మీదికి ఎక్కించింది.

ఆ రొట్టెని ఇంటాయన ఒక పక్క, తోడుగా ఇంకొకరు ఇంకో పక్క పట్టుకుని తిప్పి విరుస్తారు. వుకాషిన్ ఇంట్లో ఆ రెండో పక్క చేతులు ఎప్పుడూ తిహోమిర్‌వే. చర్చి పూజారి వచ్చాడు, చుట్టాలు వచ్చారు, పైఅంతస్తువాళ్ళు వచ్చారు. పూజారి గడియారం చూసుకున్నాడు. "ఇంకొంచెం ఆగుదామా?" అన్నాడు. వుకాషిన్ తలుపు వైపు చూసి, "వద్దు" అన్నాడు. స్తోయంక తమ్ముడు రొట్టె పట్టుకున్నాడు. అతనికి అలవాటు లేదు, తిప్పడం రాక రొట్టె కిందికి జారబోయింది. స్తోయంక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. నేను వెనకాలే వెళ్ళి పొయ్యి మీది గిన్నె దించాను.

మగవాళ్ళు భోజనాలయ్యాక టీవీ పెట్టించారు. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా అది ఆడుతూనే ఉంది. ఒక్కసారి కూడా ఆగలేదు. స్తోయంక తమ్ముడు మెచ్చుకుని, "ఇది ఆ ఖరీదైన వైరు మహిమేనా బావా?" అన్నాడు. వుకాషిన్ గ్లాసు కింద పెట్టాడు. సన్న వైరు ఉందన్న సంగతి అప్పటికి ఆయనకి, స్తోయంకకి మాత్రమే తెలుసు. ఎదురుగా అంతసేపూ ఆడుతున్నది కూమ్ ఇచ్చిన వైరు, ఖాళీగా ఉన్నది కూమ్ కుర్చీ.

మర్నాడు నేను కాఫీకి వెళ్ళేసరికి స్తోయంక సర్దుడు అయిపోయింది. గుడ్డ మడతపెట్టి డబ్బాకి కప్పింది, పడవ పైన పెట్టింది. మేం సీరియల్ చూస్తున్నాం. సగంలో బొమ్మ బిగుసుకుపోయింది. వుకాషిన్ కుర్చీలోంచి లేచి, అలవాటుగా వైరు పీకడానికి వంగి, ఆగిపోయాడు. బస్సెక్కినప్పుడు ముందు ముఖాలు చూసే మనిషి కదా. ఇప్పుడు ఆ అరని అలా చూశాడు. నిన్న ఏముంది, ఇవాళ ఏముంది. పడవ తీసి పక్కన పెట్టాడు. గుడ్డ ఎత్తి డబ్బా మీద చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. పొయ్యి మీది పెనంలా కాలుతోంది.

"ఈ గుడ్డ ఇక్కడ ఎవరు వెయ్యమన్నారు?"

"ఇన్నేళ్ళు టీవీ మీద ఉంది. నీ కొత్త టీవీకి నెత్తి లేదు. నా నెత్తి మీద వేసుకోనా?"

"దీనికి ఊపిరాడ్డం లేదే."

కాసేపటికి డబ్బా చల్లారింది. కథానాయిక ఆగిన చోటి నుంచి కాకుండా ఎక్కడి నుంచో ఏడవడం మొదలుపెట్టింది. వుకాషిన్ నేల మీదే కూర్చుండిపోయాడు, చేతిలో పడవతో. "ఇది వాడు కొనిచ్చిందే" అన్నాడు. నా తలుపు కొట్టి దొంగ కరెంటు మాట అన్నందుకు ఆయన మీద ఇంకా కోపం ఉంది నాకు. కాని ఆ క్షణంలో జాలే ఎక్కువైంది.

"వెళ్ళి చెప్పు" అన్నాను.

"ఏమని? జనం ముందు అడిగాను. ఇప్పుడు ఒంటరిగా పోయి, గుడ్డ వల్ల అని చెప్పనా? ఇది కూడా ఏదో ఎత్తు అనుకుంటాడు."

"అందరూ నీలాగే ఉంటారా?"

ఆయన ఊహలో లోకమంతా తనలాంటివాళ్ళే. పాపం, అదే ఆయన జైలు.

డిసెంబరులో తిహోమిర్ ఇంటి స్లావా వచ్చింది. మంచు పడుతోంది. నేను యాగోద కోసం కాఫీ పొట్లం పట్టుకుని బయల్దేరుతుంటే మెట్ల దగ్గర వుకాషిన్, స్తోయంక నిలబడి ఉన్నారు. ఆయన కోటు వేసుకున్నాడు, విప్పాడు, మళ్ళీ వేసుకున్నాడు.

"వెళ్ళగొడితే?" అన్నాడు.

"పిలవని పండక్కి ఎవరు వెళ్ళగొడతారు?" అంది స్తోయంక, వైను సీసా ఆయన చంకలో దూర్చి.

తిహోమిర్ ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపల చేప వేపుడు వాసన, పెద్ద గుంపు. మమ్మల్ని చూడగానే తలలన్నీ ఇటు తిరిగాయి. అందరికీ కొట్లో జరిగింది తెలుసు. తిహోమిర్ లేచి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. ఇంటాయన ఆ రోజు అనాల్సిన మాటలే అన్నాడు, గ్లాసులో ఆల్బకరా పళ్ళ సారా పోశాడు, కుర్చీ చూపించాడు. "కూమే" అని మాత్రం అనలేదు. వుకాషిన్ అది గమనించాడని ఆయన మెడ వంగడం చూస్తేనే తెలిసింది.

కూర్చున్నాం. తినడం, తాగడం, రోడ్ల మీద మంచు గురించి మాటలు. మూల టీవీలో చర్చి పాటలు వస్తున్నాయి. పాట మధ్యలో బొమ్మ ఆగిపోయింది. పాడేవాళ్ళందరూ నోళ్ళు తెరిచి గళ్ళు గళ్ళుగా ఉండిపోయారు. యాగోద విసుక్కుంది. "ఇదొకటి, రోజూ ఇదే గోల."

అప్పుడు చూశాను. టీవీ కింద నల్ల డబ్బా, దాని మీద మడతలు పెట్టిన అల్లిక గుడ్డ, గుడ్డ మీద రెండో పడవ, ఎర్ర దీపంతో.

వుకాషిన్ లేచాడు. గదిలో అందరూ చూస్తుండగా టీవీ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, పడవ తీసి యాగోద చేతికిచ్చాడు. గుడ్డ లాగేశాడు. డబ్బాని ముందుకి జరిపాడు, గాలి తగలాలని. దానితోపాటు వెనకనుంచి వైరు కూడా బయటికొచ్చింది. బొటనవేలంత లావు. నేసిన తొడుగు. బంగారు కొస.

కూమ్‌కి సన్నది అమ్మినవాడు తనింట్లో లావుది పెట్టుకున్నాడు. ఇంతకన్నా ఏం కావాలి వుకాషిన్‌కి? జీవితమంతా వెతికిన సాక్ష్యం దొరికింది, అదీ ఇంతమంది జనం ముందు. ఆయన వైరు వైపు అలా చూస్తూ ఉన్నాడు. స్తోయంక నా చెయ్యి నొక్కింది, గోళ్ళు గుచ్చుకునేలా.

ఆయన ఆ వైరుని మెల్లిగా మళ్ళీ వెనక్కి తోసేశాడు, ఎవరికీ కనబడకుండా. ముఖం పక్కకి తిప్పుకున్నాడు, పూర్వం బస్సులో తిప్పుకున్నట్టే.

"వేడెక్కుతోంది, అంతే" అన్నాడు యాగోదతో. "గుడ్డ వెయ్యకు. మా ఇంట్లోనూ ఇదే. వైరుది తప్పు కాదు. నేనే గాడిదని."

లేవబోతుంటే తిహోమిర్ చెయ్యి అందించాడు. అతని ముఖం ఎర్రబడి ఉంది.

"చూశావుగా వైరు" అన్నాడు.

"ఏ వైరు?"

"వేషాలెయ్యకు. చూశావు. నువ్వు అరిచి వెళ్ళిపోయిన రోజునే పెట్టాను అది. మా ఇంట్లోనూ అప్పుడప్పుడూ ఆగేది, కంపెనీవాళ్ళ వల్లనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం మళ్ళీ ఆగింది. కూర్చుని ఆలోచించాను. నలభై ఏళ్ళుగా వైర్లు అమ్ముతున్నాను, రెండూ ఒకటేనని నాకు తెలుసు. అయినా కొట్టుకి వెళ్ళి పెట్టె విప్పి తెచ్చి తగిలించాను."

"ఎందుకు?"

"నువ్వు అన్నావు కాబట్టి."

వుకాషిన్ అందుకున్న ఆ చెయ్యి వదల్లేదు.

"నన్ను దొంగన్నావని కోపమొచ్చింది" అన్నాడు తిహోమిర్. "కాని నువ్వు వైరు గురించి చెప్పింది అబద్ధమనుకోలేదు. నీ మాట కూడా నమ్మకపోతే, ఇంకెవరి మాట నమ్మను, కూమే?"

టీవీలో పాట మళ్ళీ మొదలైంది. ఎవరినీ నమ్మని ఆ మనిషి, సొంత అత్తగారికే జరిమానా రాసిన మనిషి, కూమ్ భుజం మీద తల పెట్టుకుని అందరి ముందూ ఏడ్చాడు. తిహోమిర్ "చాల్లే, చేప చల్లారిపోతోంది" అంటూ తనూ కళ్ళు తుడుచుకున్నాడు.

యాగోద చేతిలో పడవతో అలాగే నిలబడి ఉంది. "మరి దీన్ని ఎక్కడ పెట్టమంటారు?" అంది.

వుకాషిన్ కుర్చీలో కూర్చుని చేతులు చాచాడు. మేం లేచి వచ్చేదాకా ఆ పడవ ఆయన ఒళ్ళోనే ఉంది.